చూసేటప్పుడే వేయాల్సిన తాళం

మొన్న చాంద్రాయణగుట్టలో బస్సు దిగగానే పక్క ఆస్పత్రి నుంచి స్పిరిట్ వాసన కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, కోపంతో నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే సుగుణక్క గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది. నా మొదటి బాస్, నాకు ప్రోగ్రామింగ్ నేర్పిన మనిషి. కార్వాన్‌లో బట్టల వ్యాపారుల ఇంట పుట్టి, కొట్టు వదిలి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టుకుంది.

ఉప్పుగూడలో ఒక డయాలసిస్ సెంటర్ వాళ్ళు, ఎవరో రాసిన బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను బాగుచేయమని మాకిచ్చారు. మేమక్కడ ఉండగానే లొల్లి మొదలైంది. డయాలసిస్‌కు వచ్చిన ఆటో డ్రైవర్ నర్సింహకూ, పక్క కౌంటర్‌లో ఒక పెద్దావిడకూ ఒకే సమయానికి ఒకే మిషన్ ఇచ్చేశారు. రెండు కంప్యూటర్లూ ఒకేసారి చూశాయి, రెండింటికీ ఖాళీ అనే కనబడింది. తర్వాత రాసిన పేరు ముందు రాసిన పేరును చెరిపేసింది. ఉబ్బిన కాళ్ళతో నర్సింహ బల్ల మీద కూలబడితే, మేనేజర్ "కంప్యూటర్ల నీ పేరు లేదు, రేపు రాపో" అన్నాడు. తప్పంతా ఆ రోగిదే అన్నట్టు!

ఆవేశంలో నేను, "అక్కా, ఒక కంప్యూటర్ ఏది చదివినా, ఇంకోటి ముట్టకుండా లాక్ పెట్టేద్దాం" అన్నాను.

"పాగల్ అయినవా? హాల్ల టీవీ ఏ మిషన్ ఖాళీనో ఊరికే చూపిస్తది, దానికెందుకు లాక్? అన్నీ ఆగిపోతయ్. మా కొట్ల చీర కొనేటామె దాని మీద చెయ్యి పెట్టి బేరం చేస్తది. ఆ చెయ్యి తీసేదాంక ఇంకొకలు ముట్టరు. ఊరికే చూసెటోళ్ళను ఎవరాపుతరు? చూసి ఏం చేస్తవో గది అడుగు ముందు."

నేను నేర్చుకున్న చదువు అదే. చూసింది మార్చబోతున్నామంటే, చదివేటప్పుడే ఆ ఒక్క బుకింగ్ ఉన్న వరుసకు తాళం వేయాలి, రాశాక వదలాలి. రాసేటప్పుడు వేస్తే అప్పటికే ఆలస్యం. అక్క సరిగ్గా అలాగే చేసింది, గొడవలు ఆగాయి.

కొన్నాళ్ళకు మేనేజర్ ఫోన్ చేశాడు. "మేడం, పక్క కౌంటర్ల స్క్రీన్ జర ఆగుతుంది. ఆ లాక్ తీసెయ్యండి."

"మనిషి ఆగొచ్చు గనీ స్క్రీన్ ఆగొద్దా? నా చేతితోని తియ్య. ఏం చేస్కుంటవో చేస్కో."

మా పని పోయింది. కొత్తవాళ్ళు వచ్చి తాళం తీసేశారు. స్క్రీన్ మహా చురుగ్గా పరుగెత్తిందట! నర్సింహను మళ్ళీ పేరు లేదని తిప్పి పంపారు. ఇంటికి చేరాక ఊపిరాడక పోయాడు. అక్కే వాళ్ళింటికి వెళ్ళి తెలుసుకుని వచ్చింది, ఆఫీసులో కూర్చుని బిగ్గరగా ఏడ్చింది. ఆ మేనేజర్ ఇంకా అదే కుర్చీలో ఉన్నాడని విన్నాను.

నా కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళు "చదవడమే కదా సార్, లాక్ ఎందుకు?" అని తేలిగ్గా అంటే ముందు నర్సింహ పేరు చెప్తాను. పాఠం ఆ తర్వాతే.