లోపలికి ఒక్కరినే

మా వదిన ఇంటి హాల్లో ఈ మధ్య కొత్తగా ఒక ఫొటో వెలిసింది. వరదప్పుడు పనిచేసిన వాళ్ళకు కడపలో ఎవరో సన్మానం చేశారు. శాలువా కప్పుకొని వదిన అందులో వెలిగిపోతోంది. ఎడమ అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది నాది. నిన్న కాఫీ తాగుతూ ఆ మాటే అన్నాను. "అవునా మే? ఎవరిదో అనుకున్యా," అంది. వదినంటే మా ఆయనకు అక్క. నా పెళ్ళికి నాకు పెట్టాల్సిన చీరల పెట్టెను ఎర్రగుంట్లలో రైల్లోనే వదిలేసి దిగిన మనిషి. ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఆ పెట్టె సంగతి ఎత్తితే, "ఏం పెట్టె?" అంటుంది ఇప్పటికీ.

కడప శివార్లలో ఒక హోం ఉంది. పని ఇప్పిస్తామని తీసుకుపోయి అమ్మేస్తే, ఎలాగో బయటపడి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఉంటారు. వరదకు రెండేళ్ళ ముందు నుంచే నేను మైదుకూరు నుంచి బస్సెక్కి వెళ్ళి వాళ్ళకు కుట్టు నేర్పేదాన్ని. అందులో ఒక పిల్ల, పేరు చెప్పను, మొదట్లో నెలల తరబడి నోరు విప్పలేదు. మిషన్ చప్పుడు చాటున మెల్లగా మాట కలిపింది. కాజాలు అంత పొందికగా కుట్టేవాళ్ళను నేను చూడలేదు. నన్ను "టీచరమ్మా" అనేది. ఆ పిలుపుకు పొంగిపోయేదాన్ని, ఇంకొకరిని ఏమని పిలిచిందో వినేదాకా.

గొడుగు కొనడం దండగ అనుకునే సీమ మాది. అలాంటిది ఆ ఏడు ఏరు వచ్చి ఊళ్ళ మీద పడింది. హోంలోకి మోకాలెత్తు నీళ్ళు రావడంతో ఆ పిల్లలను ఒక కల్యాణ మంటపానికి చేర్చారు. ఇళ్ళు మునిగిన జనమంతా అప్పటికే అక్కడ ఉన్నారు. వంటకు మనుషులు కావాలంటే వదినను నేనే పిలుచుకుపోయాను. సన్మాన సభలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. వదిన బొరుగుల తాలింపు పెట్టిన పెద్ద గిన్నె ముందు నిలబడి అందరూ వినేలా అడిగేది:

"ఏమ్మే, ఉగ్గానికి ఉప్పు ఏసినానా?"

"లేదు వదినా. నిన్న కూడా ఏయలేదు."

"నిన్నటిది ఇప్పుడెందుకు తవ్వుతావు మే!"

మంటపమంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. రెండేళ్ళుగా నేను చూడని పలువరుస ఆ రోజు చూశాను. నాలుగు రోజులు తిరక్కుండానే వదిన "పెద్దమ్మ" అయిపోయింది. వదినకేమో ఆ పిల్ల పేరే నిలిచేది కాదు. పూటకో పేరు పెట్టి పిలిచేది, ఏ పేరుకైనా ఆ పిల్ల పరుగెత్తుకొచ్చేది. నాకు ఉల్లిపాయలు తరిగే పని పడటం ఒకరకంగా మంచిదే అయింది.

నీళ్ళు తీశాక పిల్లలు హోంకు తిరిగి వెళ్ళారు. కొద్ది రోజులకే ఆ పిల్ల కేసు వాయిదాకొచ్చింది. తనను అమ్మినవాళ్ళు చేసిందంతా జడ్జి ముందు తన నోటితోనే చెప్పాలి. అంతకుముందు రెండు వాయిదాలకూ కోర్టు తలుపు దాకా వెళ్ళి, చెప్పలేక వెనక్కి వచ్చేసింది. ఆ రెండుసార్లూ చెయ్యి పట్టుకొని నిలబడింది నేనే. ఈసారి కూడా చెప్పలేకపోతే వాళ్ళు దర్జాగా బయట తిరుగుతారని హోం నడిపే మేడం దిగులు. తలుపులు మూసి వింటామనీ, పిల్లకు ఇష్టమైనవాళ్ళను ఒక్కరినే పక్కన కూర్చోనిస్తామనీ కోర్టువాళ్ళు చెప్పారు. ఆ ఒక్కరెవరో నాకు అనుమానమే లేదు. గంజి పెట్టిన చీర కట్టుకొని వెళ్ళాను. వదిన కూడా వస్తానంటే సరే అన్నాను, బయట కూర్చుంటుంది కదా అని.

కోర్టు వరండాలో ఆ పిల్ల తల వంచుకొని, "పెద్దమ్మ వస్తాది లోపలికి," అంది. వదిన తన సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "జాగ్రత్త మే, ఈడ శానా మంది దొంగలు ఉంటారు," అని మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

"మీకు కోపమొచ్చింది టీచరమ్మా," అంది పిల్ల.

"నాకెందుకు కోపం?"

"మూతి చూస్తేనే తెలుస్తాండాది."

"రెండేండ్ల నుంచి నీకోసం వస్తాండేది నేను. ఆమెకు నీ పేరన్నా తెలుసా?"

"అందుకే టీచరమ్మా. మీరు ఏదీ మర్చిపోరు. నేను మొట్టమొదట పాడుచేసిన గుడ్డ రంగు కూడా మీకు ఇప్పటికీ గుర్తే. లోపల నేను చెప్పేది మీరు విన్యారంటే, రేపట్నుంచి నన్ను చూసినప్పుడల్లా మీ కండ్లలో అదే కనపడతాది. పెద్దమ్మయితే మాపటికి మర్చిపోతాది."

ఆ గుడ్డ ఆకుపచ్చది. మరిచిపోకపోవడం కూడా తప్పేనా? అడుగుదామనుకునే లోపే పిలుపొచ్చింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది. పరాయి సంచీ పట్టుకొని బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి పిల్ల బయటికొచ్చింది. అంతా చెప్పేసిందని మొహం చూస్తేనే తెలిసింది. "ఆకలైతాండాది టీచరమ్మా," అంది. అంత మామూలు మాట ఆమె నోట అంతకుముందు వినలేదు. హోటల్లో దోసె తింటూ నాతో హుక్కుల గురించి, ఫాల్స్ గురించి ఏకధాటిగా మాట్లాడింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే అవే మాట్లాడుతుంది, నవ్వుతుంది.

ఆ రోజు ఆటోలో వదినను అడిగాను, లోపల ఏం చెప్పిందని. "ఏమో మే, ఫ్యాను చప్పుడు. నాకేం గుర్తులేదు," అంది. ఆమె కొంగు తడిసి ఉంది. మొహం కడుక్కున్న నీళ్ళు అంతసేపు ఆరకుండా ఉంటాయా? పెళ్ళిళ్ళలో, చావుల్లో, పండగలకు మళ్ళీ మళ్ళీ అడిగాను. నిన్న ఆ ఫొటో కింద కూర్చుని కూడా అడిగాను. "ఏ పిల్ల మే?" అంది, కాఫీ గ్లాసులోకి చూస్తూ. నిజంగా మరిచిందో, నాకు చెప్పకూడదని దాచుకుందో ఈ జన్మకు తేలేలా లేదు. కాలం అందరికీ మరపు పంచిపెడుతుందంటారు. మా ఇంట్లో మాత్రం నా వాటా కూడా మా వదినకే ఇచ్చి పోయింది.