ఇరవై గుంటలకు ఒక గుంట

కామారెడ్డిలో మేము తొమ్మిదేళ్లు కిరాయికి ఉన్నాము. ఒక పెద్దావిడ ఇల్లు అది. ముందు గదుల్లో ఆమె, వెనక రెండు గదుల్లో మేము. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. నేను బడిలో పంతులమ్మను, మా ఆయన బట్టల దుకాణంలో గుమస్తా. ఎనభైల మొదట్లో మా ఇంట్లో పొద్దున లేస్తే ఒకటే చర్చ: ఇల్లు కట్టుకోవాలా, ఇట్లాగే కిరాయికి ఉండాలా? మా ఆయన కాగితాల మీద లెక్కలు రాసేవాడు. నేను ఆ కాగితాల మీదే మిరపకాయలు ఎండబెట్టేదాన్ని.

మా బాపు లెక్క వేరు. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో చెరువు కింద ఇరవై గుంటల వరి పొలం ఆయనది, అది కాక వాన మీద పండే కొంచెం చెలక. లోకంలో ఏదైనా సరే ఆయనకు వడ్ల బస్తాల్లో చెబితేనే అర్థమయ్యేది. ఒకసారి మా గడప మీద కూర్చుని, మా ఏడాది కిరాయికి ఎన్ని బస్తాలో, ఇల్లు కడితే ఎన్ని బస్తాలో వేళ్ల మీద లెక్కపెట్టి తేల్చేశాడు.

"కిరాయే నయ్యం బిడ్డా. పొలం ఏడాదికి రెండుసార్లు పండుతది. ఇల్లేం పండుతది?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ పూట ఇద్దరికీ చారులో ఉప్పు తక్కువే వేశాను.

ఆ తర్వాత వచ్చినప్పుడు బాపు ఒక నిమ్మ మొక్క తెచ్చాడు. వేళ్లకు తడి గోనె చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. చెప్పులు విప్పి, గడ్డపార అందుకుని వాకిట్లో గోడ పక్కన తవ్వబోయాడు.

"ఆగు బాపూ, ఖాలాను అడగాలె" అంటూ పరుగెత్తాను.

ఎత్తిన గడ్డపార ఎత్తినట్టే ఆగిపోయింది. ఖాలా బయటికి వచ్చి చూసి నవ్వింది. "పెట్టుకో బేటీ, కని డబ్బాల పెట్టు. ఏర్లు గోడ కిందికి పోతే గోడ పగుల్తది" అంది. ఆమె మంచి మనిషి, అన్నది న్యాయమే. మొక్కను నూనె డబ్బాలో నాటాము. బాపు చాయ్ తాగి బస్సెక్కాడు.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, చెరువు కింది పొలం అమ్మేశానని చెప్పాడు. ఆ ఎండాకాలం యాసంగి పంట కోసుకున్నాక అప్పజెప్పే ఒప్పందం.

"మరి బస్తాల లెక్కేమాయె బాపూ?"

"మొక్క నాటుటానికి గూడ అడుగుడున్నదని నాకేం ఎరుక? అది నా లెక్కల రాలే."

ఆ డబ్బుకు మేము కూడబెట్టింది కలిపి స్టేషన్ అవతల జాగా కొన్నాము, గోడలు లేపాము. బాపు జాగాను అడుగులతో కొలిచాడు. "ఎంతయితది?" అని మా ఆయనను అడిగాడు. నూట ఇరవై గజాలు, అంటే ఒక గుంట. "ఒక్క గుంట" అని తనలో తాను అనుకుంటూ ఇంకోసారి చుట్టూ తిరిగి వచ్చాడు. ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎండాకాలం చివర్లో స్లాబు పోశారు. మర్నాడు మేస్త్రి స్లాబు మీద ఎర్రమట్టితో చిన్న చిన్న ఒడ్లు పెట్టించి, ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలపాలన్నాడు. అప్పుడే స్లాబు గట్టిపడుతుందట. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కారిపోయాయి.

"గివి ఒడ్లానయ్యా?" అన్నాడు బాపు. ఊరికి పోయి, తను అమ్మి ఇంకా అప్పజెప్పని పొలంలోంచే రెండు గోనెల నల్లమట్టి తెచ్చాడు. మట్టికి కూడా టికెట్ కొట్టాడని కండక్టరును సాయంత్రం దాకా తిట్టాడు. తర్వాత పంచె ఎగగట్టి, మడమతో తొక్కి, అరచేత్తో నున్నగా మెత్తి పన్నెండు మళ్లు కట్టాడు. ఒక మడి నిండితే నీళ్లు పక్క మడిలోకి వాటంతటవే పోయేట్టు తోవలు వదిలాడు. చుక్క కారలేదు. ఎన్ని ఇండ్లు కట్టాడో ఆ మేస్త్రి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

నేనూ అంతే. బడి వదలగానే నిచ్చెన ఎక్కేదాన్ని. నా నెత్తి మీది కప్పు పైన పన్నెండు చోట్ల ఆకాశం! రెండు కొంగలు కూడా వచ్చి వాలాయి. మా బాపుకు ఇంత పని వచ్చని, ఆ పొలం గట్ల మీద పెరిగిన నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గేసింది.

ఎనిమిదో రోజున ఒడ్ల వెంబడి పచ్చగా మొనలు లేచాయి. గడ్డి అనుకుని పీకబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వరి బిడ్డా."

కోతప్పుడు రాలిన గింజలు ఆ మట్టిలో వచ్చాయి. సిమెంటు మీద, పట్నం నడుమ, వరి మొలిచింది! ఖాలా కూడా మెల్లగా మెట్టుకొక శ్వాస తీసుకుంటూ ఎక్కి చూసింది. "సుభానల్లా" అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇరవై ఒకటో రోజున మేస్త్రి నీళ్లు వదిలేయమన్నాడు. బాపు మొదట నారంతా ఒక్కొక్కటే పీకి, వేళ్లు కడిగి కట్ట కట్టాడు. పిడికెడంత అయింది. ఆ తర్వాతే ఒడ్డు తెంపాడు. నారు ఏ ఆవుకో వేస్తాడనుకున్నాను. తడి రుమాల్లో చుట్టుకుని ఊరికి బయల్దేరాడు. ఆదివారం కాబట్టి నేనూ వెంట పోయాను.

వానలు మొదలై చెరువు కింద నాట్లు పడుతున్నాయి. మా పొలం కొన్నాయన అదే ఊరివాడు, బాపు కంటే చిన్నవాడు. మోకాలి లోతు బురదలో ఉన్నాడు. బాపు గట్టు మీద చెప్పులు విప్పాడు కానీ దిగలేదు.

"తమ్మీ, గీ పిడికెడు నారున్నది. గా మూలకు నాటుకోవచ్చునా?"

"గదేం అడుగుడే అన్నా! దిగు" అన్నాడాయన.

బాపు దిగాడు. నలభై ఏళ్లు దున్నిన పొలంలోకి అడిగి దిగాడు. మా ఆయన కాగితాల్లో గానీ బాపు బస్తాల్లో గానీ ఈ ఖరీదు ఎక్కడా లేదు. గట్టు మీద నిలబడి ఏడ్చాను. ఆయన వంగి నాటుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

సాయంత్రం కామారెడ్డి చేరగానే నిమ్మ డబ్బాను కొత్త ఇంటికి మోసుకుపోయాను. తలుపులు కూడా బిగించని ఆ ఇంటి గోడ పక్కన గుంత తవ్వి నాటాను. ఎవరినీ అడగలేదు.