మామ ఒళ్లో నిలవని మాండలిన్

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో ఏదో వీడియో చూస్తుంటే పక్కన కూర్చుని నేనూ చూశాను. చల్లని గదిలో కూర్చున్న ఒక కుర్రవాడు, ప్రయాణాలకూ సరదాకూ చవక మాండలిన్ ఎలా ఎంచుకోవాలో చెబుతూ, అలాంటి వాటికి పెద్దగా చూడనక్కర్లేదనీ, పోయినా విరిగినా బాధ కలగనిది ఏదైనా చాలనీ నవ్వుతూ సెలవిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. చవకది కొనేవాడికి వాయిద్యం మీద ప్రేమ కూడా చవకగానే ఉంటుందని ఇతనికి ఎవరు చెప్పారు? మా మేనమామ సంగతి చెప్పి మనవరాలి ముందు ఆ కుర్రవాణ్ణి దులిపేద్దామని నోరు తెరిచి, ఆగిపోయాను. ఎందుకంటే ఈ విషయంలో అతనికంటే పెద్ద తప్పు చేసినవాణ్ణి నేను.

మాది ముంబై కామాఠిపురాలో ఒక చాళ్, వరస గదుల్లో బోలెడు కుటుంబాలుండే ఇల్లు. పాలమూరు నుంచి తట్టా తాపీ పట్టుకొని వచ్చి ఈ ఊరి మేడలు కట్టిన కామాఠీల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని నేను గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను గాని, నా చిన్నతనానికే అది వేశ్యావాటికగా పేరుపడి, ఏ ఆఫీసులో చిరునామా చెప్పినా అవతలివాడు వంకరగా నవ్వేవాడు. ఆ నవ్వు మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఏడో తరగతితో బడి మానేసి, ఒక కంపెనీలో ప్యూనుగా చేరి, సాయంత్రాలు పఠన మందిరంలో దొరికిందల్లా చదువుతూ పెరిగాను. అందుచేత ఊరి నుంచి వచ్చిన ఉత్తరమైనా, రేషను కాగితమైనా, మందు సీసా అయినా మా చాళ్‌లో నా చేతికే వచ్చేది. రానురాను అక్షరాలు లేనివి కూడా రాసాగాయి. ఏ ఫ్యాను కొనాలి, ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, అన్నీ చదివినవాణ్ణే అడిగేవారు. అది మా వాళ్ల అలవాటు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాకైతే అసలే తోచలేదు.

మేనమామ తాపీ మేస్త్రీ. చాళ్‌లోని భజన మండలిలో పెద్దాయన మాండలిన్ కింద పెట్టినప్పుడల్లా తీసుకుని, చూసిన దాన్ని వేళ్లతో వెతుక్కుంటూ, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నవాడు. పన్వేల్ అవతల ఎనిమిది నెలల పని దొరికి, అక్కడే రేకుల షెడ్డులో ఉండవలసి వచ్చింది. మండలి వాయిద్యం చాళ్ గడప దాటదు. లోకల్ బండి తొక్కిసలాటలో గుండెకు హత్తుకొని తీసుకుపోగలిగేది, షెడ్డులో మేకుకు తగిలించుకోగలిగేది, చిన్నదీ చవకదీ ఒకటి కావాలన్నాడు.

“అల్లుడా, పని దిగినంక జరసేపు వాయించుకుంటే పానం నిమ్మలమైతది. అది లేకుంటె ఆడ ఉండుడు నాతోని కాదు” అన్నాడు.

వారం రోజులు గ్రంథాలయంలో కూర్చున్నాను. నాలుగు జతలుగా ఎనిమిది తీగలనీ, మెడ వంకర లేకుండా ఉండాలనీ, తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉండకూడదనీ, బిగించిన మరలు జారకూడదనీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. అవన్నీ నిజమే. దాంతోపాటు సగం గుమ్మడికాయలాంటి గుండ్రటి వీపున్న మాండలిన్ బొమ్మ ఉంది. దాని నాదం మధురమని కింద రాసి ఉంది. నా మనసు ఆ బొమ్మ మీద పడింది.

మామ పని మీది నుంచి నేరుగా వాయిద్యాల దుకాణానికి వచ్చాడు. చేతులు కడుక్కునే వచ్చాడు గాని గోళ్ల అంచుల్లో సున్నం అలాగే ఉంది. వీపు చదునుగా ఉన్న ఒక చిన్న మాండలిన్ వైపు చెయ్యి చాచాడో లేదో, దుకాణదారు కసురుకున్నాడు.

“ఏ మిస్త్రీ, హాత్ మత్ లగా. పాలిష్ ఖరాబ్ హోయేగా.”

చెయ్యి పెడితే పాలిష్ పాడవుతుందట. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నా చేతికి మాత్రం, నేను చూపించిన గుండ్రటి వీపుదాన్ని తనే తీసి ఇచ్చాడు. ఒక్క స్వరం వాయించడం రాని నేను, ఒక కన్ను మూసి మెడ వంకర చూశాను, మరలు తిప్పాను, పుస్తకంలోని మాటలు హిందీలో వల్లించాను. వాయించేది ఈయన, ఈయన చేతికి ఇవ్వు అన్న ఒక్క మాట నా నోట రాలేదు. మామ చేతులు వెనక్కి కట్టుకొని, బళ్లో నిలబెట్టిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

“గా సపాటుది సూడరాదా అల్లుడా. గిది గుండుగున్నది, కింద కూసుంటె ఒళ్ల నిలుస్తదా?”

“దీని సప్పుడే తియ్యగుంటదని బుక్కుల రాసిండ్రు మామా.”

“రాసినోడు కుర్సీల కూసుండి రాసిండేమో” అని నవ్వి, “సరె తియ్యి, సదివినోనివి, నీకెరుకలేదా” అన్నాడు.

ఆ గుండ్రటిదే కొన్న మూడు నెలల తరువాత అమ్మ ఇచ్చిన కారప్పొడి పట్టుకొని ఆ షెడ్డుకు వెళ్లాను. మాండలిన్ మేకుకు వేలాడుతోంది, దుమ్ముపట్టి. షెడ్డులో కుర్చీ లేదు. సిమెంటు బస్తా మీద కూర్చున్నా, నేల మీద మఠం వేసుకున్నా, ఆ గుండ్రటి వీపు తీగ మీటిన ప్రతిసారీ ఒళ్లోంచి జారిపోతుంది. జారకుండా పట్టుకుంటే ఆ చెయ్యి మెట్ల మీద కదలదు. గోడ నిట్టనిలువు చూసే తూకం దారంతో మెడకు కట్టుకొని కూడా చూశాడనీ, చివరికి విసిగి తగిలించేశాడనీ మా చాళ్‌కే చెందిన ఇంకో మేస్త్రీ చెప్పాడు. మామ నా మొహం చూడలేదు.

“గదేం లేదు అల్లుడా, పనిల తీరుత లేదు, గంతే.”

లేకుంటే ఉండలేనన్న మనిషి, అది లేకుండానే మిగిలిన నెలలన్నీ అక్కడ ఉన్నాడు. తిరిగి వచ్చాక మా అల్లుడు మంచిది ఏరిచ్చిండని చాళ్ అంతా చెప్పాడు. ఆ మాట నమ్మి మరో రెండిళ్ల వాళ్లు రేడియో ఎంచిపెట్టమని నన్ను వెంట తీసుకుపోయారు. నేను వెళ్లాను కూడా.

ఆ దుకాణదారును తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. కాని వాడు మామ చేతులనే ఆపాడు; మామ మాటను ఆపింది నేను. ఇప్పుడు దుకాణాల్లో ఎవరైనా ఏ వాయిద్యాన్నైనా తీసి వాయించి చూడవచ్చు. మా చాళ్‌లో చదువు రాని ఇల్లు లేదు, పిల్లలు మరాఠీలో పోట్లాడుకుంటారు, ఉత్తరం పట్టుకొని నా తలుపు తట్టేవారు లేరు. అడిగినవాడికి ఏం కావాలో ముందు వినాలని నేను నేర్చుకునేసరికి అడిగేవాళ్లందరూ వెళ్లిపోయారు. పని దిగాక ఏ పాట వాయించుకుంటావు మామా అని ఒక్కసారైనా అడిగి ఉండవలసింది. ఇప్పుడు నన్ను అల్లుడా అని పిలిచే మనిషి ఈ ముంబైలో ఒక్కరూ మిగల్లేదు.