మామిడి కొత్తకు ముందే కొరికిన కాయ

నిరుడు వానాకాలంలో నా మనవరాలికి టీసీ ఇచ్చేస్తామని ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరు కబురు పెట్టాడు. పిల్లకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. టీసీ చేతికొస్తే ఇక చదువు లేనట్టేనని మా కొండ మీద అందరికీ తెలుసు. కాఫీ తోటలో కూలికి పోతుంది, రెండేళ్లు తిరక్కుండా పెళ్లి చేసేస్తారు. అది ఆయనకూ తెలుసు. తెలిసే అంత తేలిగ్గా కబురు పెట్టాడు.

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను, పొట్లాలు కట్టిన పేపర్లు చదివి మాటలు పట్టుకున్నాను. చదువుకున్నవాళ్లంటే ఒకప్పుడు భయం ఉండేది. ఆయన గదిలోకి వెళ్లిన రోజుతో అది పోయింది.

"ఏం తాతా, మీ పిల్లకు పొగరు," అన్నాడు కుర్చీలోంచి కదలకుండానే. మైదానం నుంచి వచ్చిన మనిషి. శనివారం మధ్యాహ్నానికల్లా కొండ దిగే బస్సులో ఉంటాడు. "మూడు పనులు చెబితే ఒకటి చేస్తుంది. లెక్క సగంలో వదిలి కిటికీ చూస్తుంది. నిన్న పక్కపిల్ల నవ్విందని దాని నోటుబుక్కు చించేసింది. మళ్లీ తనే గంటసేపు ఏడుపు. అన్నీ నాటకాలు."

"ఏడిసిన గుంటని ఏటడిగారు మాస్టారూ?"

"అడిగేదేముంది? మోకాళ్ల మీద నిలబెట్టాను."

ఇన్నేళ్లు పిల్లల మధ్య జీతం తీసుకున్న మనిషికి ఏడుపుకీ నాటకానికీ తేడా తెలియదు. మేకలు కాసేవాడికి తెలుస్తుంది, ఏ మేక నొప్పితో అరుస్తోందో.

ఆయన్నొక్కణ్ణే తిట్టి ఊరుకుంటే అబద్ధమవుతుంది. మా దగ్గర మామిడి కొత్త పండగలో దేవతకు పెట్టనిదే ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా ఊరంతా ఆగుతుంది. ఈ పిల్ల ఆరేళ్లప్పుడు, పండగ ఇంకా వారం ఉండగానే, అందరూ చూస్తుండగా ఒక కాయ కొరికేసింది. మాకు ముహూర్తాలు చెప్పి పూజలు చేసే దిసారి తల పట్టుకున్నాడు. అది మొదలు పిల్ల ఏ పని మరిచినా, ఎందుకు అరిచినా ఒకటే మాట: కొత్త తప్పింది, తల్లి పట్టింది. ఏటా ఒక కోడిని కోయించాను. పేపర్లు చదివే నేనే. కోళ్ల మీద పెట్టిన నమ్మకం పిల్ల మీద పెట్టలేదు.

టీసీ కబురు విని పిల్ల తల్లి, నా కోడలు, మళ్లీ దిసారి ఇంటికే బయల్దేరింది.

"ఈసారి మేకపోతు అడుగుతాడేటో మావా."

"మేకపోతు తిని ఆడు బలుత్తాడు. గుంటకేటి వత్తాది? బేగి పద, బస్సెక్కు."

పట్నం ఆసుపత్రిలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి ముందు పిల్లనే అడిగింది.

"టీచరు ఒకేసారి మూడు పనులు చెబితే ఏమవుతుందమ్మా?"

"మొదటిది ఇంటాను. అది సేత్తుంటే మిగతావి ఎలిపోతాయి. తిడతారని బయమేసి మొదటిదీ మరిసిపోతాను."

నా కోడలు కొంగు నోట కుక్కుకుంది. ఆ ప్రశ్న మాలో ఎవరమూ ఏనాడూ అడగలేదు.

ఏడీహెచ్‌డీ అంది డాక్టరమ్మ. తెలివితక్కువ కాదు, పొగరు కాదు. మనసుకు ఆగడం కష్టం, విన్నమాట నిలవదు, కోపమూ దుఃఖమూ ఆపుకోలేనంతగా వచ్చేస్తాయి, తిట్టేకొద్దీ తాను పనికిరాననుకుంటుంది అంది. ముందు బెంచీలో కూర్చోబెట్టి ఒక్కో మాటే చెప్పమని కాగితం రాసిచ్చింది. మందు సంగతి మళ్లీ చూసి చెబుతానంది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నాకు వెలిగింది. కాయ కొరికినందుకు పిల్ల ఇలా కాలేదు. ఇలాంటి పిల్ల కాబట్టే కాయ కొరికింది. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఆరేళ్లూ ఆరు కోళ్లూ పట్టాయి నాకు.

మర్నాడు కాగితం హెడ్మాస్టరు ముందు పెట్టాను. చదవలేదు. "ఇవి పట్నం రోగాలు తాతా. కొండ పిల్లలకెక్కడివి?"

"కొండోలికి జొరం వత్తాది, మలేరియా వత్తాది. ఇదొక్కటీ మిమ్మల్నడిగి రావాలేటి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల సన్నగా అంది: "గొడవొద్దు తాతా. నానే ఎలిపోతాను. నాను మంచిదాన్ని కాను."

ఆయన తల కూడా ఎత్తలేదు. నేను బెంచీ మీద కూర్చున్నాను. "ఈ కాయితంలో ఉన్నట్టు సెయ్యనని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే తీసుకెలిపోతాం."

సంతకమంటే ఆ కుర్చీకి చలిజ్వరం. పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. అప్పుడు చదివాడు. "సరే, దసరా దాకా చూద్దాం," అన్నాడు, నాకేదో దానం చేస్తున్నట్టు.

దసరా దాటింది. మందు మొదలైంది. మొన్న మళ్లీ ఒక నోటుబుక్కు చించింది, మళ్లీ ఏడ్చింది. ఈసారి ఎవరూ మోకాళ్ల మీద నిలబెట్టలేదు. లెక్కల పంతులమ్మ పక్కన కూర్చోబెట్టుకుందట. తనిఖీకి వచ్చినవాళ్లతో హెడ్మాస్టరు, ఈ పిల్ల సంగతి తానే కనిపెట్టానని చెబుతున్నాడని విన్నాను. చెప్పుకోనీ. టీసీ పుస్తకం బీరువాలోంచి బయటికి రానంతకాలం ఆయన ఎంత గొప్ప చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు.