నొప్పుల మందు పెట్టే ముందు ప్రభువు నాకిచ్చిన నోరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, జాలరిపేటలో మా వీధి మొత్తానికి యేసయ్యను నమ్ముకున్నది నేనొక్కదాన్నే. పండగలకి మా వాళ్లు నన్ను పిలవరు, నేనూ వెళ్లను, అది అలవాటైపోయింది. కానీ నా మనవరాలు కుమారికి నెలలు నిండి, చెప్పిన తేదీ దాటిపోయి, నొప్పులు రాక ఆసుపత్రిలో పడుకున్న రోజున నేను పడ్డ ఒంటరితనం పగవాళ్లకి కూడా వద్దు.

పిల్ల మొగుడు వేటకెళ్లాడు, బోటు లోతుకి పోయింది, ఫోను అందదు, అందినా సముద్రం మీదున్న మగాడికి ఇంటి దిగులు చెప్పకూడదంటారు మా వాళ్లు. కుమారికి తల్లి లేదు. ఆ తల్లి నా కూతురే. కుమారిని కనేటప్పుడు, నొప్పులు తొందరగా రావాలని ఊళ్లో మందులిచ్చే ఒకాయన ఇంటికొచ్చి సూది పొడిచి తన దారిన తాను వెళ్లిపోయాడు. బిడ్డ దక్కింది, రక్తం ఆగక నా కూతురు దక్కలేదు. అందుకే డాక్టరమ్మ "నొప్పులు రావడానికి మందు పెడదాం" అనగానే వద్దమ్మా అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె విసుక్కోకుండా చెప్పింది. ఉమ్మనీరు తగ్గిపోతోంది, ఇంకా ఆగితే బిడ్డకు ముప్పు. మందు పెడితే నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వచ్చి బిడ్డ గుండె నెమ్మదించవచ్చు, తల్లికి రక్తం ఎక్కువ పోవచ్చు, అందుకే బిడ్డ గుండె వినే మిషను పెట్టి చూస్తూ ఉంటాం, అవసరమైతే ఆపరేషన్ చేస్తాం అంది. మీలో మీరు మాట్లాడుకుని చెప్పండి అని వెళ్లింది. ఎవరితో మాట్లాడను? కుమారి అత్తగారు, మా వియ్యపురాలు, మంచం పక్కనే ఉన్నా మందు మాట ఎత్తగానే మొహం తిప్పేసుకుంది. కుమారి నా మొహంలోకి చూసి, "నువ్వేటంటే అదే అమ్మమ్మా" అంది.

వరండాలో బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. "తండ్రీ, అటు చూస్తే ముప్పు, ఇటు చూస్తే ముప్పు. నా కూతురికి సూది వేసినవాడు నిలబడి చూడలేదు, వీళ్లు నిలబడి చూస్తామంటున్నారు. నాకు చదువు లేదు, పక్కన మనిషి లేదు, నువ్వే నాకు చెప్పు" అన్నాను. నా కూతుర్ని చంపింది మందొక్కటే కాదు, చూసే దిక్కు లేకపోవడం కూడా అని ఆ బల్ల మీద నాకు తెలిసింది.

సరే అని చెబుదామని లేచి పిల్ల దగ్గరికి వంగేసరికి దాని నోట్లోంచి ఆముదం వాసన.

"ఏటి తాగావే?" అన్నాను. అది అత్తగారి వైపు చూసింది.

మా పేటలో కాన్పు ఆలస్యమైతే నొప్పులు రావాలని శొంఠి, మిరియాలు మరిగించి ఆముదం కలిపి పట్టేస్తారు, తిడతారని ఆసుపత్రిలో చెప్పరు. వియ్యపురాలు పొద్దున్నే పట్టిందట.

"డాట్రమ్మకి సెప్పాలొదినా" అన్నాను.

"మన పరువు తీసేత్తావేటి? నీ దేవుడు సెప్పమన్నాడా?"

"సెప్పమన్నాడు. పరువు ఇంటికెళ్లి ఉతికి ఆరేసుకుందాం, ముందు పిల్ల బతకాలి."

ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. నేను డాక్టరమ్మకి ఆముదం సంగతి చెప్పేసి, మందుకి సరే అన్నాను. ముందే చెప్పాలి కదా, రెండూ కలిస్తే నొప్పులు మితిమీరిపోతాయి అని మందలించి, మందు వెంటనే పెట్టకుండా, మిషను పెట్టి, కడుపు ఎంత బిగుస్తోందో చూశాకే కొంచెంగా మొదలుపెట్టింది. మధ్యలో బిడ్డ గుండె నెమ్మదించిందని లోపల హడావుడి పడ్డారు, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టారు, నేను బయట గోడకి ఆనుకుని యేసయ్యా యేసయ్యా అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. గుండె మళ్లీ సరిగ్గా కొట్టుకుంది. పొద్దుగూకేలోగా మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. దేవునికే మహిమ కలుగును గాక.

బిడ్డని అందుకోవడానికి నా చేతులు తప్ప అక్కడ ఇంకెవరివీ లేవు. వియ్యపురాలు ఈనాటికీ నాతో మాట్లాడదు. ఆమె కోసం ప్రార్థన చేస్తున్నాను, మీరూ చెయ్యండి.

మందులో ముప్పు లేదని నేననను. ఉంది. డాక్టర్లని అడగండి, తాగినవీ తిన్నవీ దాచకండి. ఆ మాట చెప్పడానికి నోరు పెగలకపోతే, పక్కన ఎవరూ లేకపోతే, నేను అడిగినట్టే ఆయన్ని అడగండి. ఖాళీ బల్ల మీద కూర్చున్న ముసలిదాని మాట విన్నవాడు మీ మాటా వింటాడు. ఆమేన్.