చెరుకు సర్కారు

పొద్దున చాయ్‌లోకని మా ఆవిడ పచ్చి అల్లం దంచింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఎన్నికలు గుర్తొచ్చాయి. అల్లానికీ ఓటుకూ సంబంధమేమిటో చెప్పబోయే ముందు ఒక మాట: నేను కోతలు కోస్తాను. నేను పులిని చూశానంటే మా ఆవిడ పిల్లికి పాలు పోస్తుంది. మీరూ ఆ లెక్కనే చదవండి.

డెబ్బయిల చివర, మా జహీరాబాద్‌లో అల్లం దిగిందంటే బొంబాయి పోయే లారీలు చిరాగ్‌పల్లి చేరకముందే తుమ్మడం మొదలుపెట్టేవి. చలికాలం వచ్చిందా, ఇక చెరుకు బండ్లు! జొన్నరొట్టెలు కాలుతున్న వాసన, బర్రెల మెడల్లో గంటలు, దుప్పట్లు కప్పుకున్న మనుషులు, గోడల్లాంటి మంచు, వాటి మధ్య నుంచి కిర్రుకిర్రుమంటూ ఫ్యాక్టరీకి పోయే బండ్ల వరస ఎంత పొడవంటే, ముందు బండి ఎద్దు గేటు దగ్గర ముసలిదయ్యే వేళకు వెనక బండి ఎద్దు ఝరాసంగంలో ఇంకా దూడగానే ఉండేది. మేం గల్లీ పిల్లలందరం వెంటపడి "తాతా, ఒక్క గడ!" అని అరిస్తే, బండాయన విసుక్కుంటూనే ఒకటి లాగి పడేసేవాడు. గడ ఒకటి, నోళ్లు గంపెడు.

ఇక్కడే వచ్చేవాడు శంకరన్న. మా అందరికన్నా పెద్దవాడు, మీసం మొలిచీ మొలవనివాడు. ఎవరికి ఏ ముక్కో రూలు పెట్టేది అతనే, కత్తి పట్టి కోసి పంచేది అతనే, గొడవొస్తే తీర్పు చెప్పేదీ అతనే. చెరుకులో తీపంతా మొదట్లో ఉంటుంది; కొసకు పోయేకొద్దీ తడిసిన చీపురు నమిలినట్టుంటుంది. మొదలు ఎప్పుడూ శంకరన్న నోట్లోకి, కొస ఎప్పుడూ చంద్రకళ చేతిలోకి పోయేవి. చంద్రకళ మా గల్లీలో అందరికన్నా చిన్నది. వాళ్ల నాన్న కర్ణాటక వైపు నుంచి వచ్చి బట్టల దుకాణం పెట్టాడు. ఒకరోజు ఆ పిల్ల చేతిలో కొసను తిప్పి చూసి అడగనే అడిగింది.

"శంకరన్నా, నాకు రోజూ గిదే ఎందుకు?"

"నోరు లేస్తుందేం పోరీ! రేపట్నుంచి నీకు కొస గూడ లేదు. ఆటల గూడ లేవు, పో!"

"గట్లయితే ఎవలకు చెప్పుకోవాలె?"

"నాకే చెప్పుకో. చెప్పినవు. ఇన్న. కొట్టేసిన. పో!"

ఆ పిల్ల వాళ్లింటి అరుగు మీద మోకాళ్లపై గడ్డం ఆనించి మా ఆటను చూస్తూ కూర్చునేది. ఆ చూపుకు మా గోలీలు గురి తప్పేవి, బొంగరాలు సిగ్గుతో తిరగడం మానేసేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో సోషల్ సారు శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల పాఠం మొదలుపెట్టి, "చట్టం చేసే చెయ్యి, దాన్ని నడిపే చెయ్యి, తీర్పు చెప్పే చెయ్యి, మూడూ ఒక్కని ఒంటికే ఉండొద్దురా" అన్నాడు. నా పక్కన కూర్చున్న యూసుఫ్ బెంచీ అదిరేలా లేచాడు. "అరె, గీ సారు మన శంకరన్నను ఎప్పుడు చూసిండురా?"

అంతే, గల్లీలో ఎన్నికలు! ముగ్గురు సభ్యులను ఎన్నుకోవాలి, రూల్స్ వాళ్లే చెయ్యాలి. తానే గెలుస్తానన్న ధీమాతో శంకరన్న సరేనన్నాడు. పోటీ చేసేవాళ్లందరికీ తలా ఒక ముంత పెట్టి, ఓటుకు వేయించిన శనగలు వాడటమే మేం చేసిన ఘోరమైన తప్పు. లెక్కించడానికి శంకరన్నే కూర్చున్నాడు. దవడలు ఆడుతూనే ఉన్నాయి, ఎదుటివాళ్ల ఓట్లు తగ్గుతూనే ఉన్నాయి! ఆ ఎన్నిక రద్దు చేసి, రెండోసారి ఓట్లకు యూసుఫ్ వాళ్ల బాబాయి మండీ నుంచి అల్లం ముక్కలు తెచ్చాం. శంకరన్న అలవాటుగా ఒక ఓటు నమిలాడు. కళ్లలోంచి కారిన నీళ్లకు గల్లీ మోరీ పొంగింది. ఓటు భద్రంగా ఉండటమంటే అదీ!

యూసుఫ్ ఒక అల్లం ముక్క తీసుకెళ్లి చంద్రకళ అరచేతిలో పెట్టాడు. "దాన్ని తీసేసిన గదరా" అన్నాడు శంకరన్న. "ఆటకెళ్లి తీసేసినవు అన్నా, ఓటుకెళ్లి నువ్వెట్ల తీసేస్తవు?" అన్నాడు యూసుఫ్.

యూసుఫ్, మా పెద్దక్క, నేను గెలిచాం. చంద్రకళ మళ్లీ ఆటలోకి రావాలి, మొదలు ముక్క వంతుల ప్రకారం రోజుకొకరికి పోవాలి అని రూలు చేశాం. "మరి నేనేం జెయ్యాలె?" అన్నాడు శంకరన్న, ముఖం వేలాడేసుకుని. "నువ్వు మంచిగ కోస్తవన్నా. నువ్వే కోయి, నువ్వే పంచు. మేం రాసినట్టు పంచు" అన్నాం. ఇక తీర్పులకు మా నాయనమ్మ. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు కనుక చెరుకు మీద ఆశ లేదు. అంతకన్నా నిఖార్సైన జడ్జి దేశంలో దొరకడు.

కానీ గెలిచినవాళ్ల తల తిరగడానికి ఎన్ని రోజులు కావాలి! సభ్యులు గల్లీ గురించి మస్తుగా ఆలోచిస్తున్నారు కనుక మొదలు ముక్క ఇకపై సభ్యులకేనని మేం ముగ్గురం కొత్త రూలు చేశాం. సరిగ్గా ఆరోజు వంతు చంద్రకళది. ఆ పిల్ల ఏడవలేదు, నేరుగా నాయనమ్మ దగ్గరికి నడిచింది. మేం వెనకే పరుగెత్తి, తేనె రంగులో మెరుస్తున్న ఆ మొదలు ముక్కను నాయనమ్మ ముందు నజరానాగా పెట్టాం.

"గీ రూలు చేసిందెవలురా?"

"మేమే నాయినమ్మా."

"లాబమెవలకు?"

"...మాకే."

"శంకరిగాడు చేసింది గూడ గిదే గదరా. ఆడు ఒక్కడు, మీరు ముగ్గురు, గదే ఫరక్. రూలు చెల్లది." ఆమె ఆ ముక్కను వేలితో చూపించింది. "శంకరిగా, పిల్లకియ్యి."

నా సొంత నాయనమ్మ! శంకరన్న ఎంత సంబరంగా అమలు చేశాడంటే, ముక్కను చెక్కు తీసి, నీళ్లతో కడిగి మరీ ఇచ్చాడు. చంద్రకళ కొరికింది. ఆ రసం మోచేతుల మీదుగా కారి, గల్లీ దాటి, హైవే ఎక్కి, హైదరాబాద్ బస్సులను గంటసేపు ఆపేసింది.

ఇప్పుడా రోడ్డు మీద బండ్లు లేవు. ట్రాక్టర్లు చెరుకును గొలుసులతో బిగించి దూసుకుపోతాయి, ఒక్క గడ కూడా జారదు. అరుగుల చోట షట్టర్లు వచ్చాయి.

ఎద్దులు, తుమ్మే లారీలు, ఆగిన బస్సులు, అవన్నీ ఉన్నదాన్ని సాగదీయడమే. అచ్చంగా కల్పించింది మాత్రం ఒక్కటే. నాయనమ్మకు పళ్లు లేవన్నది. ఆమెకు పళ్లుండేవి. వక్కను పటుక్కున కొరికే పళ్లు. చెరుకంటే ఆమెకు ప్రాణం కూడా. ఏటా మొదటి బండికి మాకంటే ముందే ఎదురెళ్లేది. ఆ ఏడు మాత్రం ముట్టలేదు. ఎందుకని అడిగితే, "మీ పంచాయితీ నడిసినన్ని రోజులు వద్దనుకున్న బిడ్డా" అని, వక్కల తిత్తిలోంచి ఇంకోటి వెతుక్కుంది.