బస్టాండులో పాప ఏడ్చే సినిమా

మీకు బాగా ఇష్టమైన సినిమాలేవి అని ఎవరైనా అడిగితే నేను ఐదు చెప్పేదాన్ని. నాలుగు ఎప్పటికప్పుడు మారిపోయేవి. మొదటిది మాత్రం చిన్నప్పటి నుంచీ ఒక్కటే. దాని పేరు చెప్తే ఎవరికీ తెలిసేది కాదు. అందుకని "బస్టాండులో పాప ఏడ్చే సినిమా" అని చెప్పేదాన్ని. అలా చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు.

నేను దాన్ని మొదట చూసింది మా ఊళ్ళోనే. ఇప్పుడది శేరిలింగంపల్లిలో కలిసిపోయింది, ఊరని ఎవరూ అనరు. పక్కింట్లో టీవీ ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమా అంటే వాకిలి దాకా జనం. కథ పెద్దగా ఏం లేదు. మొగుడి బాధలు పడలేక ఒకామె కూతుర్ని తీసుకుని ఇల్లు విడిచి వస్తుంది. దారిలో ఒక బస్టాండులో పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళు తెస్తానని చెప్పి, తనొక్కతే బస్సెక్కి వెళ్ళిపోతుంది. బస్సు కదలడం పిల్ల చూస్తుంది. అక్కణ్ణుంచి కెమెరా ఇంక ఎటూ పోదు, ఆ ముఖం మీదే నిలబడిపోతుంది. నోరు తెరుచుకుంటుంది, గొంతు రాదు. చిన్న ఛాతీ ఎగిరెగిరి పడుతుంది. చాలాసేపటికి గొంతు వస్తుంది. వెనక వాయిద్యాలేవీ ఉండవు.

మా అమ్మ కూలి పనులు చేసి మమ్మల్ని సాకిన మనిషి. మేస్త్రీ తిట్టినా, మా నాయన కొట్టినా కళ్ళలో నీళ్ళు రానిచ్చేది కాదు. ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అమ్మని ఏడిపించగలిగేది లోకంలో ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. సినిమా పిచ్చి అక్కడ పట్టుకుంది.

చదువుకున్నాను, హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, నల్లగండ్లలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఆఫీసులో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ తమకిష్టమైన సినిమాలు చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. బస్టాండు సీను వివరించి చెప్పాను.

"అవార్డు సినిమానా? పాప ఏడిస్తే మనకేం కిక్కండీ?" అన్నాడు ఎదురుగా కూర్చున్న అబ్బాయి. అందరూ నవ్వారు.

మా బల్ల చివర ఒకామె కూర్చునేది. పక్క టీముకి మేనేజర్. మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండేది కాబట్టి రోజూ ఆమె కారులోనే కలిసి వచ్చేవాళ్ళం. గుంటూరు వైపు మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. భర్తది పుణేలో ఉద్యోగం, ఆరేళ్ళ కూతురు, ఇంట్లో తండ్రి. ఆమె సినిమాలు చూడదని ఆఫీసంతా తెలుసు. టీమంతటినీ సినిమాకి పంపి తను మాత్రం సీట్లోనే ఉండిపోయేది. కఠినమని పేరు. అప్రైజల్ మీటింగులో ఎవరైనా ఏడిస్తే లాప్‌టాప్ చూసుకుంటూ, "అయ్యాక చెప్పండి, మాట్లాడుకుందాం" అనేదట. ఆ రోజు ఆమె నవ్వలేదు. చెంచా పక్కన పెట్టేసి, బాక్సు మూసేసి లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండానే అంది. "నువ్వు చెప్పిన సినిమా మా నాన్నగారు తీశారు."

నేను సీట్లో కూర్చోలేకపోయాను. "ఏంది అక్కా! సార్ మీ ఇంట్లనే ఉన్నరా? ఇన్నాళ్ళు చెప్పలేదేంది?"

"చెప్పేదేముంది? ఆడలేదు. మళ్ళీ ఎవరూ ఛాన్సివ్వలేదు."

"నువ్వు చూసినవా?"

"లేదు," అంది. గ్రీన్ సిగ్నల్ పడింది.

ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. సార్‌కి డెబ్బై దాటాయి. సన్నగా, తెల్లటి లాల్చీలో, చాలా శుభ్రంగా ఉన్నాడు. నేను సీను చెప్తుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. "లెన్సేదో చెప్పగలవా అమ్మాయ్?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "నీలాంటి వాళ్ళకి తెలియకూడదు కూడా," అని మురిసిపోయాడు. టీవీలో వచ్చినప్పుడు ఎవరో రికార్డు చేసిన కాపీ ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. క్లబ్‌హౌస్‌లో నెలకో సినిమా వేస్తారని విన్నాడట, ఇది వేయిస్తే బాగుంటుందన్నాడు.

వంటింట్లోంచి అక్క కాఫీ తెచ్చింది. "ఇంట్లో సినిమా మాటలు వద్దన్నాను కదా నాన్నా."

"క్లబ్‌హౌస్ నీ ఇల్లు కాదుగా," అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆమె కప్పులు పెట్టి లోపలికి పోయింది.

క్లబ్‌హౌస్‌లో సినిమాలు వేసే కుర్రాళ్ళని ఆయనే పట్టుకున్నాడు, ఆయనే ఒప్పించాడు. ఒక ఆదివారం సాయంత్రం తెర కట్టారు. మొదటి వరసలో ఆయన. వెనక గోడ దగ్గర కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని అక్క. ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. నేనడగలేదు.

సినిమా మొదలైన కాసేపటికే నవ్వులు మొదలయ్యాయి. హీరోయిన్ చీర కట్టు చూసి నవ్వారు. విలన్ మీసం చూసి నవ్వారు. మొగుడు ఆమెను కొట్టే సీనులో చెంపదెబ్బ చప్పుడు అర క్షణం ఆలస్యంగా వినిపించింది. అంతే, హాలంతా గొల్లుమంది. ఒకడు ఫోన్‌లో తీసి అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. నా ఒళ్ళు మండిపోతోంది. సార్ వీపు మాత్రం కదల్లేదు. బస్టాండు సీను వచ్చింది. పాప నోరు తెరిచింది. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. నా పక్కనున్నామె "అయ్యో" అంది. మా అమ్మ విన్న గొంతే వచ్చింది.

దీపాలు వేశాక సార్‌ని మాట్లాడమన్నారు. ఎవరో అడిగారు, అంత చిన్న పిల్ల అంత బాగా ఎలా చేసిందని. ఆయన మైకు అందుకున్నాడు. ఈ ప్రశ్న కోసమే ముప్పై ఏళ్ళకు పైగా కాచుకుని ఉన్నట్టు కనబడింది ఆయన ముఖం.

"చేసిందా? ఆ పిల్లకి నటనే రాదండీ! పొద్దున్నుంచీ ఫిలిం తగలేస్తోంది. గ్లిజరిన్ వేస్తే కళ్ళు నులుముకుంటుంది గానీ ఏడవదు. ఎండ పోతోంది. కెమెరామన్ చేతులెత్తేశాడు. వాళ్ళమ్మ అప్పటికే జబ్బుపడి పుట్టింట్లో మంచం మీద ఉంది. నేను కెమెరా రెడీ పెట్టించి, పిల్ల దగ్గరికి వెళ్ళి, చెవిలో ఒక్కటే మాట చెప్పాను. మీ అమ్మ చచ్చిపోయిందమ్మా, ఇప్పుడే ఫోనొచ్చింది అని. చెప్పి పక్కకి తప్పుకున్నాను. మీరు చూసింది అదీ! ఒకే టేకు!"

చప్పట్లు మోగాయి. సినిమా అంతసేపూ నవ్విన వాళ్ళే లేచి నిలబడి కొట్టారు. నా చేతులు మాత్రం లేవలేదు. నేను ఇన్నేళ్ళుగా ప్రాణంగా చూసుకున్న ఆ ముఖం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

"ఆ పాప ఇప్పుడెక్కడుంది సార్?" అని అడిగాడొకడు.

"ఇదిగో, మీ వెనకే! మా అమ్మాయే!"

తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఫోన్లు కూడా తిరిగాయి. "మేడమ్, ఏమైనా గుర్తుందా? రెండు మాటలు చెప్పండి మేడమ్," అని మైకు తెచ్చి చేతిలో పెట్టారు.

అక్క కూర్చునే మాట్లాడింది, మీటింగులో మాట్లాడినట్టే. "గుర్తుందండి. కట్ చెప్పాక, ఊరికే అన్నానమ్మా, అమ్మ బాగానే ఉంది అన్నారు. చాక్లెట్ కొనిచ్చారు. ఆ ఏడే మా అమ్మ నిజంగా పోయింది. మామయ్య వచ్చి చెప్పాడు. నేను కెమెరా ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఏడవలేదు. శవం దగ్గర కూర్చోబెట్టినా ఏడవలేదు. లేస్తుందేమో అనుకున్నాను. రాతి పిల్ల అన్నారు మా అమ్మమ్మ వాళ్ళు. చచ్చేదాకా అమ్మమ్మ నన్ను దగ్గరికి తియ్యలేదు. అంతేనండి."

మైకు పక్క కుర్చీలో పెట్టి, నిద్రపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఒకాయన, "వాట్ ఏ స్టోరీ సార్, దీన్నే సినిమాగా తియ్యొచ్చు," అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

సార్ చెప్పిన ముక్క వీడియో బయటికి పోయింది. అక్క చెప్పింది మాత్రం ఎవరూ పెట్టలేదు. ఆఫీసు కాంటీన్‌లో పక్క బల్ల మీద ఫోన్‌లోంచి ఆమె తండ్రి గొంతు వినిపిస్తుంటే ఆమె పెరుగన్నం తింది. "జర బంద్ చెయ్యి భయ్యా," అని నేనంటే, "ఎందుకు, లెజెండ్ కదా మేడమ్," అన్నాడు ఫోన్ పట్టుకున్న అబ్బాయి. ఆమె ముఖం చూసి కూడా బంద్ చెయ్యలేదు.

ఇంటికి కుర్రాళ్ళు రావడం మొదలైంది. సార్ ముఖానికి కళ వచ్చింది. షార్ట్ ఫిలిం తీద్దాం సార్, మీరే డైరెక్షన్ అన్నారు. కథ ఆయనదే. తప్పిపోయిన పాప కథ. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. సాయంత్రం కిందికి దిగితే పిల్లల పార్కులో జనం కనబడ్డారు. ట్రైపాడ్ మీద ఫోను, ఒకడి చేతిలో వెలుతురు మళ్ళించే వెండి రంగు అట్ట. జారుడుబల్ల కింద అక్క కూతురు నిలబడి ఉంది. సార్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో ఏదో చెప్తున్నాడు. చెప్పి లేచి, వెనక్కి చూసుకుంటూ పక్కకి జరిగాడు.

పిల్ల నోరు తెరిచింది. గొంతు రాలేదు.

ఆ ముఖం నాకు తెలుసు. తల్లిదే. నేను పరిగెత్తాను. ఎవరి కాలో తగిలి ట్రైపాడ్ పడింది. పిల్లని పట్టుకుని, "ఏం కాలే బిడ్డా, అమ్మకేం కాలే, తాత ఉత్తిగనే అన్నడు," అన్నాను. అప్పటికి గొంతొచ్చింది దానికి. "మమ్మీ లారీ కింద పడిందంట ఆంటీ," అని నా మెడ పట్టుకుని కేకలు.

"కట్ చెప్పలేదు! ఎవరు రమ్మన్నారు నిన్ను?" అని సార్ అరిచాడు. "ఇంకో నాలుగు క్షణాలు ఆగితే ఏం పోయేది?"

అక్కకి ఫోన్ చేసి పిల్లతో మాట్లాడించాను. ఆ గొంతు విన్నా నమ్మలేదు పిల్ల. ఆమె వచ్చే దాకా వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది. కారు దిగి వచ్చాక తల్లి ముఖం రెండు చేతులతో తడిమి చూసింది, చేతులు చూసింది, కాళ్ళు చూసింది. అక్క అన్నీ చూడనిచ్చింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"ఏం చెప్పారు నాన్నా?"

"షాట్ కోసమమ్మా. రెండు నిమిషాల పని. పిల్లలు మర్చిపోతారు. నీకేమైనా అయిందా? పెద్ద ఉద్యోగం చేస్తున్నావు, కారు నడుపుతున్నావు."

"సామాను సర్దుకోండి."

ఆయన కుర్రాళ్ళ వైపు చూసి నవ్వాడు. "చూశారా, అప్పుడూ ఇంతే. దీనికి నటన రాదు."

ఆమెది నటన కాదని ఆయనకి రెండో రోజు తెలిసింది. చేవెళ్ళ రోడ్డులో పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటుంది. ఆయన్ని అక్కడ చేర్చింది. మంచి గదే తీసుకుంది. మందులు, వేళకి భోజనం, నర్సు అన్నీ దగ్గరుండి మాట్లాడింది. ఒకటే చెప్పింది వాళ్ళకి, గదిలో టీవీ పెట్టొద్దని. వెళ్ళేముందు ఆయన ఏడ్చాడు. గుమ్మం పట్టుకుని, "ఈ వయసులో నన్ను పారేస్తావా తల్లీ," అన్నాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగి, "కారు కింద ఉంది," అంది. నేను అక్కడే, ఆయన సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను.

పిల్ల ఇప్పటికీ తల్లి ఆఫీసుకి బయల్దేరితే చాలు, ఫోన్ చేస్తూనే ఉంటుంది. మీటింగులో ఉన్నా అక్క ఎత్తుతుంది.

నెల తిరిగాక ఒక శనివారం అక్క, "మందులిచ్చి రావాలి, తోడొస్తావా?" అంది. వెళ్ళాం. ఆమె కారు దిగలేదు. మందుల సంచి నా చేతికిచ్చింది. సార్ మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. నన్ను చూడగానే లేచి కూర్చుని తలుపు వైపు చూశాడు. ఆమె కోసమనుకున్నాను.

"తలుపెయ్యి," అన్నాడు. వేశాను. "ఆ రోజు పార్కులో... ట్రైపాడ్ పడేదాకా రికార్డయి ఉంటుంది కదా? వాళ్ళ దగ్గరుందా? నీ ఫోన్‌లో వేయించుకుని వస్తావా? ఒక్కసారి చూస్తాను."

"తీసేసిన్రు సార్. అక్క దగ్గరుండి తీసేయించింది."

"మూర్ఖులు," అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మందులు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కారెక్కగానే అక్క అడిగింది. "ఏమన్నారు?"

నిన్ను అడిగిండని చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. "వీడియో ఉందా అని అడిగిండు," అన్నాను.

ఆమె తలూపింది, అద్దం సరిచేసుకుంది. "బెల్టు పెట్టుకో," అని బండి తీసింది.